గేర్లు పోయినా సైకిలు పోదు

పిల్లవాడు హైస్కూలుకు వెళ్తాడని వేలు పోసి కొన్న గేర్ల సైకిలు రెండేళ్లు తిరగకుండానే వసారా మూలకు చేరుతుంది. కేబుల్ తెగుతుంది, చైను జారుతుంది. గేరు సెట్టు మార్చాలంటే ఖర్చు. చివరకు పాత ఇనుము కింద తూకానికి పోతుంది. అమ్మే ముందు ఒక్కసారి ఆలోచించండి. దాన్ని ఒకే గేరు సైకిలుగా మార్చుకోవచ్చు.

పశ్చిమ గోదావరి డెల్టాలో ఎక్కవలసిన కొండలు లేవు. కాల్వ వంతెనలే మనకు ఎత్తు. పైగా చేలగట్ల బురద, చెరువుగట్ల దుమ్ము, నరసాపురం వైపు ఉప్పుగాలి గేరు సెట్టును త్వరగా తినేస్తాయి. పేరుమోసిన టూర్ డి ఫ్రాన్స్ పందెంలోనే దీన్ని 1937లో గాని అనుమతించలేదు. అంతకు ముందు పందెగాళ్లు చక్రం విప్పి, తిప్పి బిగించుకుంటూ ఆల్ప్స్ కొండలెక్కారు.

పళ్ల లెక్క

వెనుక ఉన్న పళ్లచక్రాల గుత్తిని విప్పి, మామూలు సైకిలు ఫ్రీవీలు ఎక్కిస్తారు. గుత్తి మరతో బిగిసి ఉండే రకమైతే అదే మరకు ఇదీ పడుతుంది. ఖరీదైన సైకిళ్లలో పళ్లచక్రాలు హబ్బుపై పేర్చి ఉంటాయి. వాటిలో ఒకటి ఉంచి, మిగతా చోటు రింగులతో నింపాలి.

26 అంగుళాల చక్రానికి ముందు 38, వెనుక 16 పళ్లుంటే పెడల్ ఒక చుట్టుకు సైకిలు సుమారు 16 అడుగులు సాగుతుంది. వెనుక 18 పళ్లయితే 14 అడుగులే, కాని తొక్కడం తేలిక. పిల్లలకు, బరువు మోసేవారికి, ఎదురుగాలికి 18 పళ్లే మేలు.

చైను బిగువు

పాత చైను సన్నం. మామూలు ఫ్రీవీలు పళ్ల మందానికి అది కూర్చోదు. కొత్త చైను తప్పదు. ముందు మూడు చక్రాలుంటే సాధారణంగా నడిమిది వాడతారు. ముందు చక్రం, ఫ్రీవీలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో వెనుక నుంచి చూడాలి. వంకర ఉంటే చైను పడిపోతుంది. లారీ వెనకాల వస్తుండగా చైను పడితే జరిగేది వేరే చెప్పనక్కర్లేదు.

ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంటే చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించవచ్చు. నిలువుగా ఉంటే కుదరదు, చైనును లాగిపట్టే చిన్న చక్రం అదనంగా కావాలి. చైను మధ్యలో వేలితో నొక్కితే అరంగుళం ఆడాలి. కొత్త ఫ్రీవీలు తొక్కేకొద్దీ బిగుస్తుంది, చైను వదులవుతుంది. కొద్దిరోజులకు మళ్లీ చూపించుకోవాలి.

చవక మార్గం

కేబుల్ మాత్రమే తెగి, గేరు సెట్టు బాగుంటే ఏదీ కొననక్కర్లేదు. దాని మీది స్క్రూతోనో, చిన్న కేబుల్ ముక్కతోనో ఒకే పళ్లచక్రం వద్ద నిలిపేస్తే చాలు. పాత చైనే పనికొస్తుంది. ముందు ఈ పని చేయించి, పది రోజులు తొక్కి, నచ్చితేనే ఫ్రీవీలు కొనడం తెలివైన పని.

ఇవి మరవద్దు

గేర్లు తీసినా రెండు బ్రేకులూ ఉండాలి. చక్రంతో పాటు పెడల్ తిరిగే రకం పళ్లచక్రాన్ని పిల్లల సైకిలుకు వేయించవద్దు. పాడేరు, అరకు వంటి ఘాట్ దారుల్లో తొక్కేవారు గేర్లు బాగు చేయించుకోవడమే మంచిది. ఫ్రేము విరిగినా, బాగా తుప్పు తిన్నా ఈ ఖర్చు దండగే. అవి గట్టిగా ఉంటే మాత్రం ఆ సైకిలు తూకానికి పోవలసింది కాదు, బడికి పోవలసింది.