పేడనీళ్ళూ, పటికనీళ్ళూ

పిల్లలూ! మన దాచేపల్లి చేలల్లో పగిలిన పత్తికాయ నుంచి కాస్త దూది తీసి చెంబెడు నీళ్ళలో వేసి చూడండి. మునగదు, తేలుతుంది! పత్తిపోగుకు పుట్టుకతోనే పలుచని మైనపు పూత ఉన్నది. నీరు చొరనిచోట రంగు మాత్రం ఎలా చొరుతుంది?

శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు వేసేవారు ఇందుకు ఆవుపేడను ఆశ్రయించారు. ముతకబట్టను పేడనీళ్ళలో రాత్రల్లా నానవేసి, ఉతికి, ఎండలో పరుస్తారు. పేడలోని క్షారాలు జిడ్డును సడలిస్తాయి. ఎండ బట్టను తెల్లబరుస్తుంది. పేడతో తెలుపా అని ముక్కు మూసుకోకండి, మన వాకిట కళ్ళాపి చల్లేది దానితోనే గదా!

తరవాత కరక్కాయపొడీ, గేదెపాలూ కలిపిన నీటిలో బట్టను ముంచి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు రంగును పాకిపోనివ్వదు. ఇనుపముక్కలను బెల్లపునీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన కసిమితో గీత గీస్తే, కరక్కాయ వగరు తగిలి అది నల్లబడుతుంది. తుప్పుపట్టిన మేకును కరక్కాయనీళ్ళలో వేసి మీరూ ఈ నలుపు చూడవచ్చు.

అసలు విచిత్రం ఎరుపుది. ఎర్రగా కావలసినచోట పనివాడు రాసేది ఎర్రరంగు కాదు, పటికనీళ్ళు! ఆ బట్టను చిరివేరుతోగాని మంజిష్ఠతోగాని ఉడికిస్తే, పటిక తగిలినచోటనే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. పటికలోని అల్యూమినియం ఒకచేత్తో నూలునూ, రెండోచేత్తో రంగునూ పట్టుకుంటుందన్నమాట.

అయితే ఉడికించేముందు ఒక గండం ఉన్నది. నూలును అంటుకోక మిగిలిన పటిక కడిగిపోవాలి. తొట్టిలో జాడిస్తే, ఊడిన పటిక మరోచోట అంటుకుంటుంది. అక్కడల్లా ఎర్రమరకలు! ఎన్నో రోజుల పని ఒక్క ఉతుకులో పాడవుతుంది. అందుకే పారే నీరు కావాలి. స్వర్ణముఖిలో నీరు లేకపోతే వీరికెంత కష్టమో ఊహించండి. ఉడికాక ఖాళీచోట్ల మిగిలే జేగురుచాయను పోగొట్టడానికి మళ్ళీ పేడా, మళ్ళీ ఎండే.

ఈ కిటుకులన్నీ మన అద్దకపువారు కాగితంమీద పెట్టినవి కావు. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి మతగురువు, క్రైస్తవంలో చేరిన అద్దకపువారిని అడిగి తెలుసుకొని, తన దేశానికి ఉత్తరం రాశాడు. అచ్చయిన ఆ ఉత్తరం ఐరోపా అద్దకపువారికి పనికివచ్చింది. అప్పటికి వారు మన బట్టలను చూసి అలాంటివి చేయాలని తంటాలు పడుతున్నారు మరి. ఐరోపా అద్దకపు కార్ఖానాల్లోనూ పేడనీళ్ళ తొట్లు ఉండేవి; మిగులు పటికను వదలగొట్టడానికే! పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి రసాయన శాస్త్రజ్ఞులు పేడకు బదులు ఫాస్ఫేటు లవణాలను కనిపెట్టాకగాని వారు ఆవులను వదలలేదు.