పాత కంప్యూటరు పారవేయక మునుపు



పటాన్‌చెరు కంపెనీలో షిఫ్టు చేసే తండ్రి పిల్లల చదువుకై కొన్న కంప్యూటరు ఆగిపోతే, కొత్తదానికి అప్పు చేయుట తప్ప దారి కనబడదు. తొందరపడకండి. చాలాసార్లు లోపము చిన్నదే.

మొదట ప్లగ్గు తీసి, లోపలి దుమ్ము మెత్తని బ్రష్షుతో దులపండి. ర్యామ్ ముక్క తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి తిరిగి బిగించండి. తేదీ, సమయము మాటిమాటికీ తప్పుతుంటే సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ మార్చండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలిచియుంటుంది.

యంత్రము నెమ్మదిగా నడుస్తుంటే హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ వేయించండి. ముందుగా ఫొటోలు, నోట్సు వేరేచోట కాపీ చేసుకొనండి. ర్యామ్ పెంచేటప్పుడు డీడీఆర్ 3 గాడిలో డీడీఆర్ 4 పట్టదని గుర్తుంచుకొనండి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగాలు దొరుకుతాయి.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 ఉండాలి. అది లేని యంత్రములో ఉచితముగా దొరికే లినక్సు వేసికొనవచ్చును. మదర్‌బోర్డే కాలిపోతే మాత్రం ఇక ఖర్చు పెట్టకుండుట మేలు.

పనికిరాని ముక్కలను కాల్చకండి, వాగులో వేయకండి. వాటిలో సీసము ఉండవచ్చు. రీసైక్లింగు చేసేవారికే ఇవ్వండి. నక్కవాగును చూచిన మనకు, విషమెక్కిన నీళ్ల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.