ఢిల్లీ నగరపు చలికాలము – సామాన్య సంవత్సరముతో పోలిక

“ఈ యేడు ఢిల్లీలో చలి నూరేండ్లలో నెన్నడును లేనంతగా నున్నదట, నిజమేనా అయ్యా?” అని 2019 డిసెంబరు చివర మా ప్రాంతపు సహకార సంఘ సభ్యుడొకరు నన్నడిగెను. ఆ దినములలో పత్రికలన్నియు నా వార్తనే ప్రకటించుచుండెను. నేనును పత్రిక చదివినవాడనే గనుక, “నిజమే, ఆ చలి మనవైపునకును వచ్చును, యాసంగి నారు పోయుట పదునైదు దినము లాపుడు” అని చెప్పితిని. ఆ సలహా తప్పు. ఆ తప్పు ఎట్లు జరిగెనో, అట్టిది మరల జరుగకుండుటకు మన మేమి చేయవలెనో రైతు సోదరులకు విశదపరచుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఒక సంవత్సరపు చలి యెక్కువా తక్కువా అని చెప్పుటకు ముందు, దేనికంటె నెక్కువయో దేనికంటె తక్కువయో తెలియవలెను. శీతోష్ణస్థితి శాస్త్రజ్ఞులు ముప్పది సంవత్సరముల లెక్కలను కూర్చి వాని సగటును “సామాన్యము” అందురు. ఇప్పుడు వాడుకలోనున్న సగటు 1991 మొదలు 2020 వరకు గల సంవత్సరములది. నేను మిషను పాఠశాలలో చదువుకొనునప్పుడు లెక్కల ఉపాధ్యాయుడు ఐదుగురు పిల్లలను వరుసగా నిలువబెట్టి వారి యెత్తుల సగటు తీయించెను. తీరా చూడగా సరిగా ఆ యెత్తుగల పిల్లవా డొక్కడును వారిలో లేకుండెను. సామాన్య సంవత్సరమును అట్టిదే. అది కొలబద్దయే గాని యే యేడును ముమ్మూర్తుల దానివలె రాదు.

ఢిల్లీ నగరపు లెక్కలకు సఫ్దర్‌జంగ్ వేధశాలను ప్రమాణముగా గైకొందురు. అచ్చట డిసెంబరు నెలలో సామాన్యముగా పగటి యుష్ణత సుమారు 23 డిగ్రీల వరకు హెచ్చును, రాత్రి సుమారు 8 డిగ్రీలకు తగ్గును. జనవరి నెలలో పగలు సుమారు 20, రాత్రి సుమారు 7 ½ డిగ్రీలు. జనవరి వాన సుమారు రెండు సెంటీమీటర్లు. (డిగ్రీలన్నియు సెంటిగ్రేడు లెక్కలో చెప్పినవి.) ఈ యంకెలను మనస్సున నుంచుకొని 2019 డిసెంబరును పరిశీలింతము.

ఆ నెల మొదటి పక్షము విశేష మేమియు లేక గడచెను. నెల నడుమ వాన కురిసిన పిదప వాతావరణము మారెను. పొగమంచును, నేలకు దగ్గరగా పరచుకొన్న మబ్బును వరుసగా నిలిచి సూర్యరశ్మిని అడ్డగించెను. డిసెంబరు 30 వ తేదీని పగటి యుష్ణత 9.4 డిగ్రీలకు మించలేదు. ఆ రోజులలో సామాన్యముగా నుండవలసిన దానిలో నది సగమైనను కాదు. 1901 తరువాత డిసెంబరులో నింత చల్లని పగలు లేదని వాతావరణ శాఖవారు ప్రకటించిరి. అయితే నెల మొత్తముమీద చూచినచో 1997 డిసెంబరు ఇంతకంటె చల్లనిది. ఆ నెల పగటి యుష్ణత సగటు 17.3 డిగ్రీలే. కావున నూరేండ్లలో నెన్నడు నెరుగని దొక దినమే గాని నెల కాదు. వార్త నోటినుండి నోటికి ప్రాకునప్పు డీ భేదము చెరిగిపోయినది.

మరియొక భేద మింతకంటె ముఖ్యమైనది. ఆ నెలలో వింతగొలిపినవి పగళ్లు, రాత్రులు కావు. డిసెంబరు 28 వ తేదీ యుదయమున ఉష్ణత 2.4 డిగ్రీలకు దిగిన మాట వాస్తవమే. కాని అంతకంటె చల్లని రాత్రుల నా నగరము పలుమారు చూచినది. 2006 జనవరి 8 న 0.2 డిగ్రీలు, 1935 జనవరి 16 న సున్నకు క్రింద 0.6 డిగ్రీలు. మరుసటి చలికాలమున, 2021 జనవరి 1 న, 1.1 డిగ్రీలకు దిగెను.

పగటి చలికిని రాత్రి చలికిని కారణములు వేరు. మధ్యధరా సముద్రపు దిక్కునుండి వచ్చు వాయుగుండములు హిమాలయములపై మంచును, మైదానములపై స్వల్పముగా వానను కురిపించి పోవును. వాటి వెనుక వాయవ్యమునుండి చల్లని పొడిగాలి వీచును. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి నేలలోని వేడి యడ్డు లేక పైకి పోవును గనుక రాత్రి మిక్కిలి చల్లబడును. తెల్లవారి యెండ కాసిన పిదప పగలు హాయిగా నుండును. మబ్బు కప్పియున్నచో నేల వేడి పైకి పోజాలదు గనుక రాత్రి యంతగా చల్లబడదు. కాని యెండ లేనందున పగలు చల్లబడును. కావున “చలి హెచ్చుగా నున్నది” అన్న మాట యొక్కటే చాలదు. పగటి చలియా, రాత్రి చలియా అని యడుగవలెను. వాతావరణ శాఖవా రీ రెంటిని “శీతదినము” అనియు “శీతవాయువు” అనియు వేర్వేరుగా లెక్కింతురు. మైదానములలో రాత్రి యుష్ణత 10 డిగ్రీలకో అంతకు తక్కువకో దిగి, సామాన్యముకంటె 4 ½ డిగ్రీలు తక్కువైనప్పుడు గాని, సామాన్యముతో నిమిత్తము లేక 4 డిగ్రీలకు దిగినప్పుడు గాని శీతవాయు వందురు.

పైరునకీ భేదము ప్రాణాధారము. నిర్మలమైన చల్లని రాత్రులు గోధుమకు మేలు చేయును, పిలకలు బాగుగా వచ్చును. అదే రాత్రి నేలమీద మంచు గడ్డకట్టినచో బంగాళాదుంప ఆకు మాడిపోవును. థర్మామీటరును నేలకు నాలు గడుగుల యెత్తున పెట్టెలో నుంతురు. ఆ పెట్టెలో 4 డిగ్రీలున్నప్పుడు నేలయొద్ద నింకను తక్కువగా నుండవచ్చును. మబ్బు పట్టి చెమ్మగానున్న దినములలో నీ భయ ముండదు గాని, ఆవ పైరునకు పేనుబంకయు, బంగాళాదుంపకు ఆకుమాడు తెగులును హెచ్చును. కావున చలి యొక్కటే యైనను నష్టము లొక్కటి కావు.

చలికాలమును చలిచేతనే కొలువరాదని 2022 వ సంవత్సరము నేర్పినది. ఆ జనవరిలో ఢిల్లీలో 88.2 మిల్లీమీటర్ల వాన కురిసెను. అది సామాన్యమునకు నాలుగింతలు. 1901 తరువాత జనవరి నెలలో నంత వాన లేదు. ఇక గోధుమకు లోటులేదని తలచునంతలో మార్చి నెల వచ్చినది. దేశము మొత్తముమీద 1901 తరువాత నంత వేడిమిగల మార్చి లేదు. గింజ పాలుపోసుకొను సమయమున వడ తగిలి గింజ వడలినది. ఆ పంట 11 కోట్ల 13 లక్షల టన్నులగునని వేసిన ప్రభుత్వపు అంచనా తరువాత 10 కోట్ల 64 లక్షలకు తగ్గెను. మే 13 వ తేదీని గోధుమ యెగుమతిని నిషేధించిరి. జనవరిని మాత్రము చూచి పంటను లెక్కవేసికొన్నవా రందరును పొరబడిరి.

ఇక నా తప్పును చెప్పెదను. 2019 లో ఢిల్లీని పట్టిన చలి పొగమంచు తెచ్చిన పగటి చలి. ఆ పొగమంచు గంగా యమునా మైదానములను కప్పినదే గాని మనయొద్దకు రాలేదు. మా గ్రామములలో రాత్రులు నారునకు హాని చేయునంతగా చల్లబడలేదు. నా మాట విని నారు ఆలస్యముగా పోసినవారి వరి ఏప్రిలు ఎండలలో ఈనినది, తాలు హెచ్చినది. నా మాట వినక తమ తండ్రుల నాటి అదనునకే నారు పోసిన వృద్ధులొకరు బాగుగా పండించుకొనిరి. వారు నన్ను నిందింపలేదు. “అయ్యా, ఢిల్లీ చలి మీకు తెలిసినది గాని, మన వాకిట చలి యెంతయో మీరు చూడలేదు” అని మాత్ర మనిరి. ఆ మాట నేటికిని మరువలేదు.

కావున సోదరులారా, దూరపు నగరపు వార్త తెలిసికొనుట మంచిదే, కాని నారుమడి పని దానినిబట్టి నిర్ణయింపరాదు. ప్రతి సంఘమును తన కార్యాలయపు ఆవరణలో, గాలి యాడు నీడపట్టున, పగటి హెచ్చును రాత్రి తగ్గును చూపు థర్మామీటరు నొకదానిని, బయట నొక వర్షమాపకమును ఉంచవలెను. కార్యదర్శి ప్రతియుదయమును ఒకే వేళకు అంకెలను పుస్తకమున వ్రాయవలెను. అప్పుల లెక్క వ్రాయు సంఘమునకు చలి లెక్క వ్రాయుట భారము కాదు. ఐదారేండ్లు గడచునప్పటికి మన గ్రామపు సామాన్యము కొంతవరకైనను మనకు తెలియును.

ఆ పుస్తకమున రాత్రి యంకె వరుసగా తగ్గుచున్నచో, యాసంగి నారుమడిపై సాయంకాలము వెదురుబద్దల ఊతతో పాలిథీన్ పట్టాలు కప్పి యుదయమున తీసివేయుడు. రాత్రి నిలిచి చల్లబడిన నీటిని ఉదయమున వదలి క్రొత్త నీరు పెట్టుడు. అంకె తగ్గనిచో, పత్రిక యేమి చెప్పినను, అదను తప్పనీయకుడు.