పొగ పోయింది, మరి నికోటిన్?



“మావాడు సిగరెట్టు మానేశాడండీ పాస్టరుగారూ! ఇప్పుడేదో బ్యాటరీ సిగరెట్టట, అందులో పొగాకే ఉండదట” అని ఇంగ్లాండులో బిడ్డలున్న తల్లిదండ్రులు ఈ మధ్య మాతో సంతోషముగా చెబుతున్నారు. ఇది నిజముగా సంతోషించదగిన సంగతేనా అని అడుగుతున్నవారూ ఉన్నారు. మా మట్టుకు మేము సగము సంతోషము అంటాము. ఆ మిగిలిన సగము గురించే ఈ నాలుగు మాటలు.

ఇ-సిగరెట్టులో ఏదీ కాలదు. బ్యాటరీతో సన్నని తీగ వేడెక్కి, నికోటిన్ కలిపిన ద్రవమును ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరిని పీలుస్తారు. 2003లో దీనిని రూపొందించిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ తాను కూడ పొగ త్రాగేవాడే. కాలుట లేదు గనుక తారు లేదు, కార్బన్ మోనాక్సైడు లేదు. పొగత్రాగేవారికి కేన్సరును, ఊపిరితిత్తుల జబ్బులను తెచ్చేది ముఖ్యముగా ఆ కాలిన పొగే. కావున సిగరెట్టు పూర్తిగా విడిచి దీనికి మారిన మనిషికి హాని బాగా తగ్గుతుంది. అందుకే బ్రిటన్ ప్రభుత్వము 2023లో పది లక్షలమంది పొగత్రాగేవారికి వీటిని ఉచితముగా ఇచ్చే పథకమును ప్రకటించింది. హాని తగ్గినదంటే హాని లేనిదని కాదు. ఎన్నడూ పొగ త్రాగనివారు దీనిని ముట్టుకొనుటకు ఏ కారణమూ లేదు.

ఇక నికోటిన్ సంగతి. సిగరెట్టు పొగతోపాటు లోపలికి పోయిన నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరి, హాయిగా ఉన్నదనే భావన కలిగిస్తుంది. సుమారు రెండు గంటలలో రక్తములో దాని మోతాదు సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, తహతహ మొదలవుతాయి. మరొకటి వెలిగిస్తే ఆ చిరాకు తగ్గుతుంది గనుక “సిగరెట్టు నా మనసుకు నెమ్మది ఇస్తుంది” అనుకుంటాడు. ఆ అశాంతిని తెచ్చిపెట్టినది కూడ అదేనని అతనికి తోచదు. మన పల్లెలలో “బీడీ మానేశానండీ” అంటూ దవడన ఖైనీ పెట్టుకొనేవారు మనకు తెలియనివారా? గిన్నె మారింది, అందులోనిది మారలేదు.

ఈ మాట మేము ఊహించి చెప్పుట లేదు. ఇంగ్లాండులో పొగ మాన్పించే ప్రభుత్వ కేంద్రములలో 886 మందిపై జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. సగముమందికి ఇ-సిగరెట్టు, సగముమందికి నికోటిన్ చూయింగ్ గమ్ము, పట్టీ వంటివి ఇచ్చారు. ఏడాది తరువాత ఇ-సిగరెట్టు తీసుకొన్నవారిలో నూటికి 18 మంది, రెండవ గుంపులో నూటికి పదిమంది సిగరెట్టుకు దూరముగా ఉన్నారు. ఇది ఇ-సిగరెట్టుకు దక్కవలసిన మంచి పేరే. అయితే ఆ విధముగా మానిన 79 మందిలో 63 మంది ఏడాది గడిచినా ఆ పరికరమును పీలుస్తూనే ఉన్నారు. గమ్ము, పట్టీలతో మానిన 44 మందిలో ఇంకా వాటిని వాడుతున్నవారు నలుగురే.

ఎందుకీ తేడా? పట్టీ, గమ్ము నికోటిన్‌ను మెల్లగా అందిస్తాయి. ఆవిరి వేగముగా అందిస్తుంది. పైగా సిగరెట్టుకు ఒక చివర ఉన్నది, పది పదిహేను దమ్ములకు అయిపోతుంది. ఇది అయిపోదు. వాసన తక్కువ గనుక పడకగదిలో, స్నానాల గదిలో, పని మధ్యలో ఎక్కడైనా తీస్తారు. రోజుకు ఎన్ని త్రాగాడో సిగరెట్టు పెట్టె చెప్పేది. దీనికి ఆ లెక్క కూడ లేదు.

నికోటిన్ పట్టు ఎంత ఉన్నదో తెలుసుకొనుటకు వైద్యులు అడిగే ప్రశ్నలలో ముఖ్యమైనది ఒకటున్నది. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి దమ్ము? అరగంటలోపే అయితే పట్టు గట్టిదే. అయిదు నిమిషములలోపే అయితే మరీ గట్టిది. ఇ-సిగరెట్టు వాడేవారిని కూడ ఇదే అడగవచ్చును.

అలాగని పరాయి దేశములోనున్న బిడ్డకు ఫోను చేసి “దానిని వెంటనే పారవేయి” అని కేకలు వేయవద్దు. తొందరపడి విడిచినవాడు తిరిగి సిగరెట్టు పట్టుకొంటే ఉన్న మేలు కూడ పోతుంది. రెండూ కలిపి త్రాగుతున్నాడేమో ముందు కనుక్కోండి. అలా అయితే మొదట సిగరెట్టు పూర్తిగా పోవాలి. తరువాత ద్రవములోని నికోటిన్‌ను మెట్టు మెట్టుగా తగ్గించుకొనవచ్చును. అక్కడ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి అమ్మరాదని నియమము, అంతకంటె తక్కువవీ దొరుకుతాయి. అయితే మోతాదు తగ్గించినవారు తెలియకుండానే ఎక్కువ దమ్ములు లాగుతారు, గనుక పడకగదిలో వద్దు, భోజనమైన వెంటనే వద్దు అని చోటుకు, వేళకు కూడ హద్దు పెట్టుకోవాలి.

మన దేశములో సంగతి వేరు. 2019 చట్టము ప్రకారము వీటి తయారీ, దిగుమతి, అమ్మకము, నిల్వ, ప్రకటన అన్నీ నిషిద్ధమే. నిల్వ తప్ప మిగిలినవాటిలో మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చును. నాన్నగారు చుట్ట మానుతారని ప్రేమతో పెట్టెలో పెట్టుకొని తెచ్చేది కాదిది.

ఇక్కడ బీడీ, చుట్ట మానదలచినవారికి నికోటిన్ గమ్ము మందుల షాపులలో దొరుకుతుంది. మామూలు చూయింగ్ గమ్ములాగా గబగబ నమలరాదు. మెల్లగా నమిలి, నోటిలో ఘాటు తెలియగానే దవడకు, చిగురుకు మధ్య ఉంచి, ఘాటు తగ్గాక మరల నమలాలి. వారెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలు డాక్టరు వ్రాసి ఇవ్వాలి. మానిన మొదటి వారము మిక్కిలి కష్టము. నిద్ర పట్టదు, ఆకలి ఎక్కువవుతుంది, చిన్న మాటకే కోపము వస్తుంది. మూడు నాలుగు వారములలో ఇవి చాలవరకు తగ్గుతాయి. అమ్మలారా, ఆ రోజులలో ఆయన విసుక్కొంటే “ఇంతకంటె ఆ బీడీయే నయము” అనే మాట మాత్రము నోట రానీయకండి.

పొగాకు మానుటకు ప్రభుత్వము నడిపే ఉచిత ఫోను 1800-11-2356. ఈ నంబరు బీడీ, సిగరెట్టు పెట్టెల మీద కూడ అచ్చువేసి ఉంటుంది. ఫోను చేసే ముందు రోజుకు ఎన్ని త్రాగుతున్నారో, లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తున్నారో ఒక కాగితముమీద వ్రాసి దగ్గర పెట్టుకోండి. వారు మొదట అడుగగలిగినవి అవే.