చట్టం పేరిట నిర్బంధం: ‘ది గ్రేట్ సైలెన్స్’ చిత్ర పరిశీలన

1. ఉపోద్ఘాతం:
దుండగులు సరిహద్దు ఊరిని చెరబట్టడం, ఒంటరి వీరుడు వచ్చి విడిపించడం కౌబాయ్ చిత్రాలలో స్థిరపడిన కథాసూత్రం. 1960లలో ఇటలీ దర్శకులు దీనిని తమదైన రీతిలో మలచుకున్నారు. తెలుగులో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) పైనా ఆ ఇటాలియన్ చిత్రాల ప్రభావం ఉంది. సెర్జియో కోర్బూచి దర్శకత్వంలో 1968లో వచ్చిన ‘ది గ్రేట్ సైలెన్స్’ ఈ సూత్రాన్ని తలకిందులు చేసింది. ఇందులో బందీలే చట్టబహిష్కృతులు. వారిని బంధించినవారి పక్షాన చట్టం ఉంది. ఈ మార్పు కథాగమనాన్ని ఎలా నిర్ణయించిందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. కథా నేపథ్యం:
కథాస్థలం 19వ శతాబ్దాంతపు యూటా ప్రాంతంలోని స్నో హిల్ అనే ఊరు. చిత్రీకరణ ఎక్కువగా ఇటలీలోని డోలమైట్ పర్వతాలలో జరిగింది. ఎడారికి బదులు ఎటుచూసినా మంచే. ఆ మంచులో ఆకలితో దాగిన నిరుపేదల తలలకు వెల ప్రకటించారు. ఆ సొమ్ముకోసం చంపే వేటగాళ్ళకు నాయకుడు లోకో (క్లాస్ కిన్‌స్కీ). ఊరిలో బ్యాంకు, న్యాయాధికారం రెండూ పోలికట్ అనే ఒక్కడి చేతిలోనే ఉన్నాయి. గవర్నరు క్షమాభిక్ష ప్రకటించబోతున్నందున ఆలోపే వేట ముగించాలని వేటగాళ్ళు తొందరపడతారు.

3. ఆత్మరక్షణ – రెండంచుల కత్తి:
కథానాయకుడు సైలెన్స్ (జాన్ లూయీ ట్రాంటిన్యాన్) మూగవాడు. బాల్యంలో తల్లిదండ్రుల హత్యను చూసిన అతని గొంతును హంతకులే కోశారు. ప్రత్యర్థిని రెచ్చగొట్టి, అతడు ముందుగా తుపాకీ తీసిన తరువాతనే కాల్చడం సైలెన్స్ పద్ధతి. అందువల్ల ప్రతి హత్యా ఆత్మరక్షణగా చెల్లుతుంది. లోకో ఈ కిటుకును గ్రహించి, ఎంత రెచ్చగొట్టినా తుపాకీ ముట్టక పిడికిళ్ళతో తలపడతాడు. అంటే ఇద్దరూ ఆశ్రయించినది చట్టంలోని అక్షరాన్నే. దానిని ఎవరు నేర్పుగా వాడుకుంటే వారిదే పైచేయి.

4. నిర్బంధ ఘట్టం:
చట్టానికి మానవీయ ముఖంగా కనిపించే షెరీఫ్ బర్నెట్‌ను లోకో మంచు సరస్సు వద్ద అంతం చేస్తాడు. ఆకలికి తాళలేక ఆహారంకోసం ఊరిలోకి దిగిన చట్టబహిష్కృతులను వేటగాళ్ళు పట్టుకొని మద్యశాలలో బంధిస్తారు. సైలెన్స్ ఎదురునిలవకపోతే వారిని చంపుతామని కబురంపుతారు. గాయపడిన చేతితోనే అతడు వస్తాడు. లోకోకంటే ముందే మరొకడు చాటునుండి కాల్చి అతని చేతులను నిర్వీర్యం చేస్తాడు. సైలెన్స్, అతనిని ప్రేమించిన పౌలీన్ (వొనెట్టా మగీ), బందీలందరూ హతులవుతారు. తామొనర్చినదంతా చట్టబద్ధమేనన్న ధీమాతో హంతకులు గుర్రాలెక్కి వెళ్ళిపోతారు.

5. ముగింపు:
ఈ చిత్రానికి సుఖాంతమైన మరొక ముగింపును కూడా చిత్రీకరించారు. అందులో చనిపోయాడనుకున్న షెరీఫ్ తిరిగివచ్చి బందీలను కాపాడతాడు. కథ సుఖాంతం కావాలంటే న్యాయంగల చట్టాన్ని మృత్యువునుండి వెనక్కి రప్పించక తప్పలేదన్నమాట. విడుదలైన విషాదాంతం ఆ ఊరటను నిరాకరించింది. చెరబట్టినవాడే చట్టమైనపుడు ఒంటరి వీరుని ధైర్యం బందీలను విడిపించలేదని నిరూపించడమే ఈ చిత్ర విశిష్టత.