సెలవు మీకే... మోకాలికి కాదు!

సెలవులు వచ్చాయంటే లింగంపల్లి స్టేషన్‌లో సూట్‌కేసుల సందడే సందడి. కొందరు తిరుపతికి, కొందరు గోదావరి జిల్లాల్లోని సొంతూరికి. బట్టలు, మందులు, దారిలోకి పులిహోర అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతారు. ఫిజియోథెరపిస్టు రాసిచ్చిన వ్యాయామాల కాగితం మాత్రం ఫ్రిజ్ తలుపు మీదే ఉండిపోతుంది. 'వారం రోజులేగా, వచ్చాక చేద్దాంలే' అనుకుంటాం. మోకీలు మార్పిడి చేయించుకున్న అమ్మకైనా, భుజం పట్టేసిన నాన్నకైనా, మెడనొప్పితో ఇబ్బంది పడే ఐటీ ఉద్యోగికైనా ఇబ్బంది తెచ్చేది ఆ వారమే.

తిరగటం వ్యాయామం కాదా?

'ఎలాగూ రోజంతా తిరుగుతూనే ఉంటాంగా' అని చాలామంది అంటుంటారు. నడక మంచిదే. కానీ నడిచేటప్పుడు మోకాలు కొద్దిగానే వంగుతుంది. పూర్తిగా వంచి, చాపే వ్యాయామం చేసే పని నడక చేయదు. శస్త్రచికిత్స తర్వాత తొలి వారాల్లో కీలు చుట్టూ కణజాలం మానుతూ బిగుసుకుంటుంటుంది. రోజూ కదిలిస్తేనే వచ్చిన వంపు నిలుస్తుంది. పట్టేసిన భుజానిదీ ఇదే తీరు.

బయల్దేరే ముందు

ఓ వారం ముందే మీ ఫిజియోథెరపిస్టును కలిసి ఎక్కడికి, ఎన్ని రోజులు వెళ్తున్నారో చెప్పండి. 'ఉన్నవాటిలో తప్పనిసరిగా చేయాల్సిన మూడు ఏవి?' అని అడగండి. పది వ్యాయామాలు పెట్టుకుని మానేయటం కన్నా మూడే పెట్టుకుని రోజూ చేయటం మేలు. వాటిని సరిగా చేసే తీరు ఫోన్‌లో వీడియో తీసుకోండి.

సామాను మోయక్కర్లేదు. లీటరు నీళ్ల సీసా కిలో బరువుకు సరిపోతుంది. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుంటే చాలు. భుజానికి గోడ ఉంటే చాలు, వేళ్లతో మెల్లగా పైకి పాకించొచ్చు.

రైల్లో, కారులో

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించింది. మామూలు మనుషుల్లో ఇది అరుదే. కానీ తుంటి, మోకాలి ఆపరేషన్లు ఇటీవలే అయినవారికి ముప్పు ఎక్కువ. వాళ్లు డాక్టర్ సరేనన్నాకే దూర ప్రయాణం పెట్టుకోవాలి.

కూర్చున్నచోటే పాదాలను పైకీ కిందికీ ఆడించండి. తొడ కండరాన్ని బిగించి 5 సెకన్లు ఉంచి వదలండి. ఇలా పదిసార్లు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కారులోనైతే దారిలో ఆపి దిగండి. నడుము, మెడనొప్పి ఉన్నవారికీ ఇది అవసరమే.

రైల్లో 60 దాటిన పురుషులకు, 45 దాటిన మహిళలకు లోయర్ బెర్త్ కోటా ఉంది. ముందుగానే బుక్ చేసుకుంటే పైకెక్కే తిప్పలు తప్పుతాయి.

చేరాక

వ్యాయామానికి వేరే సమయం వెతకొద్దు, ఉన్న పనికే ముడిపెట్టండి. పొద్దున మంచం దిగకముందు ఒకటి, కాఫీ వచ్చేలోపు ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి. పిల్లలకు లెక్కపెట్టే పని అప్పగించండి. తాతయ్య మర్చిపోయినా వాళ్లు మర్చిపోరు!

అలిపిరి మెట్లు 3,550. మోకాలి చికిత్సలో ఉన్నవారు మొక్కు ఉన్నా సరే, డాక్టర్‌ను అడగకుండా మెట్లదారి పట్టొద్దు. కొండ మీదికి బస్సులున్నాయి. గుళ్లో, సత్రంలో నాలుగు మెట్లు ఎదురైతే రెయిలింగ్ పట్టుకుని ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయండి. పెళ్లి పంక్తిలో కింద కూర్చోమంటే మొహమాటపడకుండా కుర్చీ అడగండి.

బాగా తిరిగిన రోజు వ్యాయామాల సంఖ్య సగానికి తగ్గించొచ్చు. పూర్తిగా మానొద్దు. చేశాక కొద్దిపాటి నొప్పి వచ్చి మర్నాటికి తగ్గితే ఫర్వాలేదు. తగ్గకపోతే, కీలు వాచితే ఆపి ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేయండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే వ్యాయామంతో సరిచేద్దామనుకోవద్దు, పిక్కను మర్దన చేయొద్దు. వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108కు ఫోన్ చేయండి.

ఒకవేళ రెండు రోజులు తప్పిపోయినా దిగులొద్దు. వాటినీ కలిపి ఒకేరోజు చేసేయాలని చూడొద్దు. మూడో రోజు మామూలుగా మొదలుపెట్టండి. ఈసారి సూట్‌కేసు మూసే ముందు ఫ్రిజ్ మీది కాగితాన్ని ఓ ఫొటో తీసుకోండి.