పెడన నుంచి హైదరాబాద్‌కు: అందుబాటు అద్దెలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు దొరికేదెలా?

పెడన, మచిలీపట్నం, గుడివాడ ప్రాంతాల్లో చదువుకున్న పిల్లలు ఉద్యోగం కోసం హైదరాబాద్ బండెక్కడం మామూలే. మొదటి రెండేళ్లు హాస్టల్లోనో, నలుగురు కుర్రాళ్లు కలిసి తీసుకున్న రూములోనో గడిచిపోతాయి. పెళ్లయ్యాక, లేదా కలంకారీ బల్ల దగ్గర నిలబడలేని వయసొచ్చిన అబ్బాను, అమ్మీని తెచ్చి దగ్గర పెట్టుకోవాలనుకున్నప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. పెద్దవాళ్లకొక గది, భార్యాభర్తలకొక గది తప్పదు. అంటే డబుల్ బెడ్‌రూమ్. పెడనలో వసారా, పెరడు ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు నగరంలో ఒక్క గది పెరిగితే అద్దె ఎంత పెరుగుతుందో చూశాక గుండె గుభేలుమంటుంది.

అద్దె ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది

చాలామంది బోర్డు మీద రాసిన అద్దె చూసి నిర్ణయం తీసుకుంటారు. నిజానికి చూడాల్సింది నెల మొత్తం ఖర్చు. లెక్క కోసం ఒక ఉదాహరణ. ఆఫీసుకు దగ్గర్లో ఉన్న ఫ్లాట్ అద్దె 22,000, మెయింటెనెన్స్ 2,500, రాకపోకలకు 1,000 అయితే మొత్తం 25,500 రూపాయలు. కాస్త దూరంలో ఉన్న ఇంటికి అద్దె 14,000, మెయింటెనెన్స్ 1,500, రాకపోకలకు 3,500 అయితే మొత్తం 19,000. నెలకు 6,500, ఏడాదికి 78,000 రూపాయలు తేడా. రోజూ ఒక గంట అదనంగా ప్రయాణం చేస్తే ఆ డబ్బు మిగులుతుంది. ఆ గంట విలువెంతో ఎవరి ఇంటి పరిస్థితిని బట్టి వాళ్లే తేల్చుకోవాలి.

రెండోది, చేరే రోజు చేతిలో ఉండాల్సిన డబ్బు. హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం సాధారణం. బ్రోకర్ ద్వారా వెళ్తే సగం నెల నుంచి ఒక నెల అద్దె దాకా కమీషన్ పోతుంది. పై ఉదాహరణలోని 14,000 ఇంటికి మొదటి నెల అద్దె, అడ్వాన్సు 28,000, కమీషన్ 14,000, సామాను లారీ వగైరా 10,000 కలిపితే 66,000 రూపాయలు. ఇది ముందే సర్దుకోకపోతే వడ్డీకి తేవాల్సి వస్తుంది. అప్పుడు చవక ఇల్లు కూడా చవక కాదు.

ఏ దిక్కున వెతకాలి?

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఉద్యోగమైతే అక్కడే ఇల్లు వెతకడం అన్నిటికంటే ఖరీదైన దారి. ఆఫీసుకు నేరుగా చేర్చే రోడ్డో, రైలో ఉన్న చోటు చూసుకోవడం మేలు. షేక్‌పేట ఫ్లైఓవర్ 2022 జనవరిలో తెరిచాక టోలిచౌకి నుంచి రాయదుర్గం వైపు ప్రయాణం సులువైంది. అయితే అదే కారణంగా టోలిచౌకికి గిరాకీ కూడా ఎక్కువే. అత్తాపూర్, రాజేంద్రనగర్ వైపు ఇంకాస్త లోపలికి వెళ్తే వెతకడానికి చోటు ఎక్కువ.

ఎంఎంటీఎస్ లైనును చాలామంది మరిచిపోతారు. ఫలక్‌నుమా నుంచి యాకుత్‌పురా, మలక్‌పేట, సికింద్రాబాద్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ మీదుగా హైటెక్ సిటీ, లింగంపల్లి దాకా ఈ రైళ్లు తిరుగుతాయి. టికెట్ ధర మెట్రో కంటే చాలా తక్కువ. కాకపోతే రైళ్లు తరచుగా ఉండవు. ఇల్లు ఖాయం చేసే ముందు ఆఫీసు వేళకు ఒకసారి ఎక్కి చూడాలి. సెలవు రోజు బైకు మీద ఇరవై నిమిషాలు పట్టిన దారి సోమవారం ఉదయం గంట పట్టొచ్చు.

పేరు అడిగాక ఆగిపోయే మాట

ఇల్లు నచ్చుతుంది, అద్దె కుదురుతుంది. పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్లు తీసేసుకున్నారు" అంటారు. ఇది ఎవరో ఒకరి అనుమానం కాదు. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సౌగతో దత్తా, విక్రమ్ పఠానియా ఢిల్లీలోని ఇంటి యజమానులకు వేర్వేరు పేర్లతో అద్దె కోసం అడిగి చూశారు. అగ్రకుల హిందూ పేరుకు స్పందన వచ్చే అవకాశం నూటికి 35 ఉంటే, ముస్లిం పేరుకు 22 మాత్రమే. కోరుకున్న చోట ఇల్లు కొనడానికీ, అద్దెకు తీసుకోవడానికీ ముస్లింలు ఇబ్బంది పడుతున్నారని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కూడా చెప్పింది.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. రాజ్యాంగం 15వ అధికరణం ప్రభుత్వానికీ, దుకాణాలు, హోటళ్లు, బావుల వంటి చోట్లకూ వర్తిస్తుంది. సొంత ఇల్లు ఎవరికి అద్దెకివ్వాలో తేల్చుకునే యజమానిని అది నేరుగా కట్టడి చేయదు.

కోస్తా నుంచి వెళ్లే కుటుంబాలకు దీనికి తోడు ఇంకో చిక్కు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలతో సహా చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. తెలుగువాళ్లు ఎక్కువున్న కాలనీలో పేరు అడ్డమొస్తే, పాతబస్తీ మొహల్లాలో "ఉర్దూ రాదా?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. రెండోదానికి భయపడక్కర్లేదు. పొరుగువాళ్లతో ఆరు నెలలు మసిలితే పిల్లలే ఇంట్లో అందరికీ ఉర్దూ నేర్పేస్తారు.

మొదటిదానికి అనుభవమున్నవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. ఫోన్లోనే పూర్తి పేరు, ఎంతమంది ఉంటారు, మాంసం వండుతాం అన్న మూడు సంగతులూ చెప్పేస్తారు. కాదనేవాళ్లు అక్కడే కాదంటారు. బస్సు ఖర్చు, అంతకంటే ముఖ్యంగా అమ్మీని వెంటబెట్టుకెళ్లి గుమ్మంలో నిలబడే అవమానం తప్పుతాయి. దాచిపెట్టి చేరితే ఆ భయం ఇల్లు ఖాళీ చేసేదాకా వెంటాడుతుంది.

బోర్డు, మనిషి, మోసం

ఆన్‌లైన్‌లో కనిపించని ఇళ్లు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. గేటుకు వేలాడే టులెట్ బోర్డే వాటి ప్రకటన. నెలాఖరు పది రోజులు సాయంత్రం పూట వీధులు నడిచి చూడటం, కిరాణా కొట్టులో, మస్జిద్ దగ్గర, వాచ్‌మన్‌ను అడగడం ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఊరివాళ్లు ముందే ఉన్న బిల్డింగ్ అయితే వాళ్ల మాటే సిఫారసు.

ఇల్లు చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపకూడదు. "ఆర్మీ ఆఫీసర్‌ను, బదిలీ అయింది, టోకెన్ పంపితే తాళం ఇప్పిస్తా" అనే ఫోన్లు పాత మోసమే. డబ్బు అందుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే అది కచ్చితంగా దగా. స్కాన్ చేసేది డబ్బు పంపడానికే.

చూసేటప్పుడు కుళాయి తిప్పాలి. బోరు నీళ్లా, మంజీరా నీళ్లా, వేసవిలో ట్యాంకర్ ఖర్చు ఎవరిది అని అడగాలి. కరెంటు మీటర్ విడిగా ఉందో లేదో చూడాలి. రెండు పోర్షన్లకు ఒకటే మీటరైతే యూనిట్లు కలిసి పై శ్లాబులో పడతాయి, బిల్లు పెరుగుతుంది.

కాగితం మీద ఉండాల్సినవి

అద్దె ఒప్పందం 11 నెలలకే ఎందుకు రాస్తారు? 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలలు. ఈ ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్స్, ఏడాదికి ఎంత పెంచుతారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు, నోటీసు ఎన్ని రోజులు అనేవి విడివిడిగా రాయించాలి. ఒప్పందంలో వేరేగా లేకపోతే నెలవారీ అద్దె ఇంటికి 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ఇచ్చే నోటీసు గడువు 15 రోజులే. పిల్లల బడి మధ్యలో ఉన్నప్పుడు అది సరిపోదు. రెండు నెలలు రాయించుకుంటే నిశ్చింత.

ఇంటి అద్దెకు అడ్వాన్సు రెండు నెలలు మించకూడదని 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ చెబుతుంది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి రాసుకున్న కాగితమే అద్దెదారుకు రక్ష.

సంతకానికి ముందు ఇంటి పన్ను రసీదో, కరెంటు బిల్లో చూసి యజమాని పేరు సరిపోల్చుకోవాలి. అడ్వాన్సు, అద్దె బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. చేరిన రోజే గోడల మరకలు, పగిలిన టైల్స్ ఫోటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపాలి. ఖాళీ చేసే రోజు అడ్వాన్సు మీద గొడవ వస్తే అవే సాక్ష్యం.

మొదటిసారే మనసుకు నచ్చిన ఇల్లు దొరకకపోవచ్చు. నీళ్లున్నాయా, పెద్దవాళ్లు మెట్లెక్కగలరా, నెలాఖరుకు పెడనలోని ఇంటికి నాలుగు రూపాయలు పంపగలమా అన్న మూడు ప్రశ్నలకూ అవునని జవాబొస్తే ఆ ఇంట్లో చేరిపోవచ్చు. మిగతావి 11 నెలల తర్వాత మళ్లీ చూసుకోవచ్చు.